అప్పు కొమ్మ

ఆకూబా అంటారు దాన్ని.
మన చెవికి పేరులోనే ఆకు వినిపిస్తుంది.
డండీలో, జనపనార మిల్లు వెనక వీధిలో,
నాలుగంతస్తుల రాతి మేడ పెరట్లో
దాన్ని నాటిన ఎఫీ మకాస్కిల్‌కి ఆ సంగతి తెలీదు.
ఆవిడకి తెలిసిందల్లా
ఆ పెరట్లో ఎండ పడదని.

పడదంటే పడదు.
జూన్‌లో మాత్రం, మిట్టమధ్యాహ్నం,
బొగ్గుల కొట్టు కప్పు మీద
చెయ్యి వెడల్పు వెలుగు కాసేపు కూర్చుని
ఎవరో పిలిచినట్టు లేచిపోతుంది.
గులాబీ పెట్టింది, చచ్చింది.
లావెండర్ పెట్టింది, బూజు పట్టింది.
ఇక్కడ ఏదీ బతకదని మేడంతా తేల్చేశాక
ఈ పొద వచ్చి, ఆ చీకట్లో
పచ్చటి ఆకుల మీద పసుపు చిలకరించుకుని
పేరంటానికి వచ్చినట్టు నిలబడింది.

దాని సేవ ఏమంత లేదు.
వేళ్ళు నీళ్ళలో నానకూడదు,
నానితే చిగుళ్ళు నల్లబడి కొమ్మ వాలిపోతుంది.
ఎండ ఎక్కువైతే ఆకు మాడుతుంది,
ఆ బెంగ అక్కడ లేదు.
కత్తిరించాలంటే ఒక్కో కొమ్మనీ పట్టుకుని, కణుపు పైన.
కంచెలు కోసే పెద్ద కత్తెర ఆడిస్తే
సగం తెగిన ఆకులు
అంచు కాలిన ఉత్తరాల్లా మిగులుతాయి.

శనివారం సాయంత్రం తడిగుడ్డతో
ఆకాకూ తుడిచేది ఎఫీ,
వారం రోజుల పొగగొట్టాల మసి.
మగ్గాల మోతకి చెవులు మందగించి
ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టే మనిషి,
ఆకుల ముందు మాత్రం తల వంచి
ఏదో వింటున్నట్టుండేది.

పదకొండేళ్ళు. పండు లేదు.
ఏటా ఏప్రిల్లో ఊదారంగు పూలు,
ఆవగింజకి అన్నల్లాంటివి,
వచ్చేవి, రాలేవి.
విత్తనాల కొట్టు ఇంగ్లిస్ కళ్ళద్దాలు పైకెత్తి చెప్పాడు:
"ఇది ఆడమొక్కమ్మా. దగ్గర్లో మగమొక్క లేకపోతే
ఎన్నేళ్ళైనా ఇంతే."
ఎఫీ ఆ పెదాల్ని రెండోసారి చెప్పించుకుంది.
"యాభై నాలుగేళ్ళొచ్చాయి, పెళ్ళి కాలేదు,
నాతో కూడా ఎవడూ ఇంత సూటిగా అనలేదు" అంది.
కొట్టంతా నవ్వింది.
ఆవిడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

మాట మేడ మెట్లెక్కింది.
రెండో అంతస్తు డంకన్ రాట్రే,
మిల్లు యంత్రాలకి నూనె పోసేవాడు, భార్య పోయి మూడేళ్ళు,
ఓ ఆదివారం పూతకొచ్చిన మగమొక్కని
కుండీతో సహా మోసుకొచ్చి
గుమ్మంలో దించి టోపీ తీశాడు.
"ఇంత పెరట్లో రెండు పొదలేమిటి?"
"పక్కపక్కనే ఉంటే మంచిదట."
ఎవరికి, అని అడగలేదు ఎఫీ.
తీసుకెళ్ళిపొమ్మంది.
ఆయన వంగి కుండీ ఎత్తబోతుంటే
ఉండమని, లోపల్నుంచి కత్తెర తెచ్చి
ఒక్క పూలకొమ్మ కోసుకుంది.

జామ్ సీసాలో నీళ్ళు పోసి, కొమ్మ గుచ్చి,
పొద మొదట్లో పెట్టింది.
అంతే.
ఈగలొచ్చాయి, దారి తప్పిన తేనెటీగ ఒకటి వచ్చింది,
ఇటు వాలి, అటు వాలి,
ఎవరి అనుమతీ అడగలేదు.
వారం తర్వాత సీసా కడిగి
మళ్ళీ జామ్‌కే వాడింది.

డిసెంబరులో
మసి పట్టిన మంచు పక్కన
గుత్తులు గుత్తులుగా ఎరుపు.
పిల్లలు మూగితే, తినకండర్రా కడుపునొప్పి, అని అదిలించింది.
రాట్రే బొగ్గు బకెట్ చేత పట్టుకుని
నింపడం మరిచి నిలబడ్డాడు.

అప్పట్నించీ ఏటా
రాట్రే గుమ్మం ముందు, మెట్ల దగ్గరి చల్లటి కిటికీలో
కుండీ పూతకి రాగానే
ఎఫీ రెండంతస్తులెక్కి తలుపు తట్టేది.
ఓ చేతిలో కత్తెర, ఓ చేతిలో ఖాళీ సీసా.
ఒక కొమ్మ అప్పు.
టీ తాగి దిగేది. కొన్నిసార్లు రెండో కప్పు కూడా.
కుండీ కిందికి దిగలేదు,
పొద పైకెక్కలేదు,
పండ్లు మాత్రం కాసేవి.

ఒక ఏడు కాయలేదు.
ఆ ఏప్రిల్లో ఇద్దరికీ మాటల్లేవు,
పిల్లి గురించో, తిరిగివ్వని గొడుగు గురించో.
ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేదు.
డిసెంబరు వచ్చాక
ఒట్టి ఆకులు చూసి
మేడంతటికీ తెలిసింది.